టమాటా సీసా, ఎలీషా కుండ

(యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగం)



కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాం నుంచి వచ్చారు. ఏ రాష్ట్రంలో స్థిరపడినా ఇంట్లో తెలుగు, గుడిలో తెలుగు పాట విడిచిపెట్టని వాళ్ళం మనం. పరిచర్య గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. మేము బల్ల మీద ఒక సీసా పెట్టాం. ఇందులో ఉన్నది టమాటా గుజ్జు. కోలారు ప్రాంతంలో మా సంఘపు స్త్రీలు ఉడికించి, నింపి, మూత బిగించినది. దీని గురించే మాట్లాడతాం. మీరు రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయం తెరిచి పెట్టుకోండి.

ముందు కోలారు సంగతి. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో కోలారుది ఒకటి. అక్కడ లెక్క 15 కిలోల బాక్సుల్లో ఉంటుంది. 2023 జులైలో ఆ బాక్సు ధర రెండు వేలు దాటింది. పత్రికలన్నీ రాశాయి. సెప్టెంబరుకల్లా ధర కూలిపోయింది. కోత కూలి కూడా రాదని రైతులు కాయను చేలోనే వదిలేశారు, రోడ్డు పక్కన పారబోశారు. జులైలో మా సంఘం అక్కలు పొద్దంతా టమాటా కోసి, సాయంత్రం ఇంటికొచ్చి చింతపండు చారు కాచుకున్నారు. సెప్టెంబరులో అదే టమాటా వాళ్ళ కళ్ళముందే కుళ్ళింది. ధర ఎక్కినా దిగినా కోసిన చేతికి మిగిలింది లేదు.

కోలారు బంగారు గనుల సంగతీ మీకు తెలుసు. 2001లో గనులు మూతపడ్డాయి. అప్పటినుంచి చీకటితోనే లేచి బెంగళూరు రైలెక్కి పనికి పోయేవాళ్ళు అక్కడ వేలల్లో ఉన్నారు. పసిబిడ్డ ఉన్న తల్లి ఆ రైలు ఎక్కలేదు. ఇంటి దగ్గరే చేసుకునే పని ఏదైనా ఉంటే చెప్పండి అయ్యగారూ అని అడిగింది అలాంటి తల్లులే. ఈ సీసా ఆ ప్రశ్నలోంచి పుట్టింది.

ఇప్పుడు వాక్యంలోకి వద్దాం. ప్రవక్తల శిష్యుల్లో ఒకడు చనిపోయాడు. అప్పులవాడు వచ్చి ఇద్దరు కొడుకులనూ దాసులుగా పట్టుకుపోతానంటున్నాడు. ఆ తల్లి ఎలీషా దగ్గర మొరపెట్టుకుంది. ఎలీషా చందా పోగుచేయలేదు. నీ ఇంట్లో ఏముందో చెప్పమన్నాడు. కొంచెం నూనె తప్ప ఏమీ లేదంది. ఇరుగుపొరుగు దగ్గర వట్టి పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు. తలుపు వేసుకుని తల్లీ కొడుకులే పోశారు. పాత్రలు నిండాక, నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలిన దానితో బ్రతకమన్నాడు.

ఒక్క విషయం గమనించండి. నూనె పోసేటప్పుడు ఎలీషా ఆ ఇంట్లో లేడు. పాత్రల మీద తన పేరు రాయలేదు. వచ్చిన డబ్బులో వాటా అడగలేదు. పని ఆమె చేతిలో, సరుకు ఆమె చేతిలో, ధర ఆమె చేతిలో ఉన్నాయి. మా దృష్టిలో చేతిపని నేర్పే పరిచర్యకు ఇదే కొలత.

సువార్తతో పాటు చేతిపని నేర్పడం కొత్త సంగతి కాదు. శామ్ హిగిన్‌బాటమ్ అనే ప్రెస్బిటేరియన్ మిషనరీ 1910లో అలహాబాదు దగ్గర వ్యవసాయ విద్యాలయం స్థాపించాడు. మార్తాండంలో వై.ఎం.సి.ఎ. వారు కోళ్ళ పెంపకం, తేనెటీగల పెంపకం నేర్పారు. ఆ దారిలో మనది చిన్న అడుగు. అయితే చిన్న అడుగే కదా అని అజాగ్రత్తగా వేస్తే ఏమవుతుందో మా అనుభవం చెబుతాం.

మొదటి ఏడాది ఫోనులో ఒక వీడియో చూసి 40 సీసాలు నింపాం. మూడో వారానికి 11 సీసాల మూతలు ఉబ్బాయి. మిగతా 29 చూడటానికి బాగానే ఉన్నాయి. ఒక పెద్దావిడ అడిగింది: "అయ్యగారూ, బాగున్నవి ఉంచుకుందామా? ఇంకోసారి మరగబెడితే సరిపోదా?" ఆమె టమాటా కొన్న డబ్బు డ్వాక్రా అప్పులోది. ఏం చెప్పాలో మాకు తెలియలేదు. తెలిసినవాళ్ళను అడిగాక, నలభై సీసాలనూ పశువులకు కూడా అందకుండా గొయ్యి తీసి పూడ్చాం. తప్పు మాది. మేము నేర్చుకోకుండా నేర్పాం. ఆమె డబ్బు సంఘం కానుకల్లోంచి తిరిగి ఇచ్చాం.

ఆ రాత్రి ఇదే 4వ అధ్యాయం చదువుతుంటే చివరి భాగం మా కంట పడింది. కరువు రోజులు. ప్రవక్తల శిష్యులకు వంట చేస్తున్నారు. ఒకడు పొలానికి వెళ్ళి, ఏమిటో తెలియని అడవి తీగ కాయలు ఒడినిండా తెచ్చి, తరిగి కుండలో వేశాడు. ముద్ద నోట పెట్టగానే అందులో చావు ఉందని అందరూ అరిచారు. ఆ కాయలు వేసినవాడు చెడ్డవాడు కాదు. ఆకలిగా ఉన్నవాళ్ళకు పెట్టాలనే వేశాడు. మంచి మనసుంది, తెలివిడి లేదు. మేమూ అతనిలాంటి వాళ్ళమే.

అందుకే తెలుసుకున్నది మీకూ చెబుతున్నాం, రాసుకోండి. మట్టిలో క్లాస్ట్రీడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి ఉంటుంది. గాలి ఆడని చోట అది పెరుగుతుంది. మూత బిగించిన సీసా దానికి ఇల్లు కట్టి ఇచ్చినట్టే. మరిగే నీళ్ళు కూడా దాని బీజాలను చంపలేవు. అది విడిచే విషం నరాలను పట్టేసి ఊపిరి ఆపేయగలదు. రుచిలో, వాసనలో తెలియకపోవచ్చు. కానీ తగినంత పులుపు ఉన్నచోట అది పెరగలేదు. ఆ హద్దు పీహెచ్ 4.6. అంకె తగ్గితే పులుపు ఎక్కువ అని అర్థం. టమాటా సరిగ్గా ఆ హద్దు మీదే ఉంటుంది, కొన్ని కాయలు దాటిపోతాయి కూడా. అందుకని అర లీటరు సీసాకు పావు టీస్పూను నిమ్మ ఉప్పు తప్పనిసరిగా వేస్తాం. చెట్టు నిమ్మకాయల పులుపు కాయకొక తీరుగా ఉంటుంది, దాన్ని నమ్ముకోం.

గుజ్జు ఉడుకుతుండగానే పైన అర అంగుళం వదిలి నింపి, మూత పెట్టి, సీసా పూర్తిగా మునిగేంత నీళ్ళలో మరిగించాలి. అర లీటరు సీసాకు సముద్రమట్టం దగ్గర 35 నిమిషాలు. యానాం వాళ్ళకు ఆ లెక్క సరిపోతుంది. కోలారు ఎత్తు 800 మీటర్ల పైన. అక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కాబట్టి 40 నిమిషాలు. ప్రతిసారీ కొత్త మూత. ఉబ్బినా, కారినా రుచి చూడకుండా పారేయాలి. చిక్కుళ్ళు, పుట్టగొడుగులు, మాంసం, చేపలు, రొయ్యలు మాత్రం ఇలా సీసాలో పెట్టకండి. వాటికి 116 నుంచి 121 డిగ్రీల వేడి కావాలి. మన వంటింటి కుక్కరు ఆ పనికి చేసింది కాదు.

మరి వాటినేం చేయాలంటే, మన అమ్మల్ని అడగండి. వరుగులు, వడియాలు, ఎండుచేప, ఊరగాయ జాడీ. ఎండ, ఉప్పు, పులుపు అనే మూడింటితో ఏడాది పొడుగునా ఇంటిని నడిపిన విద్య వాళ్ళది. నేర్పడానికి వెళ్ళిన మేము సగం రోజులు నేర్చుకునే వచ్చాం. మిగతాది నేర్చుకోవడానికి మైసూరులో 1950 నుంచి ఉన్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఉంది. జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. ప్రార్థన చేసి వెళ్ళండి, కానీ వెళ్ళండి. ప్రార్థన చేశాం కదా అని పులుపు కొలవడం మానకండి.

ఇక అసలు కష్టమైన మాట. సీసా నిండింది, మూత బిగిసింది, లోపల విషం లేదు. అయినా కొనేవాడు పేటలోకి రాలేదు. ఎందుకో మీకు తెలుసు. రెండు గ్లాసుల హోటళ్ళు చూసిన ప్రాంతం మాది. సీసాలో ఏముందని అడగలేదు, ఎవరు చేశారని అడిగారు. ఊరివాళ్ళను అనేముందు మనల్ని మనం చూసుకుందాం. మా సంఘంలోనే కొందరు ఆదివారం బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలు తీసుకుని, బయటికొచ్చాక ఆ సీసా కొనడానికి వెనకాడారు. బల్ల దగ్గర లేని అంటు పచ్చడి సీసాకు ఎలా వచ్చింది? పేతురు కొర్నేలీ ఇంట్లో అడుగుపెట్టే ముందు దేవుడు అతనికి చూపించిన దర్శనం తిండి గురించే. మనుషుల మధ్య గోడ కూలాలంటే వంటింట్లోంచే మొదలుపెట్టాలని ప్రభువుకు తెలుసు. అందుకని సంఘంలో ఏ విందు జరిగినా ఆ అక్కలు చేసిందే వడ్డించాలని తీర్మానం చేసుకున్నాం. మొదటి విందుకు నాలుగు కుటుంబాలు రాలేదు. రెండో విందుకు మూడు వచ్చాయి.

ఇంకొక జాగ్రత్త. మా తరగతికి ఎవరైనా రావచ్చు. హిందువులు, ముస్లింలు కూడా వస్తారు. గుడికి రమ్మని షరతు లేదు. సీసాను గాలంలో ఎరగా పెడితే అది సువార్త కాదు, వ్యాపారం. ఎందుకు నేర్పుతున్నారని అడిగినప్పుడు ఎవరి ప్రేమ మమ్మల్ని పంపిందో దాచకుండా చెబుతాం.

సీసాతోనే న్యాయం వచ్చేస్తుందని కూడా అనుకోకండి. 15 కిలోల బాక్సు నుంచి ఇరవై దాకా అర లీటరు సీసాలు వస్తాయి. రోడ్డు పక్కన పారబోసిన లారీల ముందు అదెంత? కూలి కోసం, గిట్టుబాటు ధర కోసం అడగాల్సినవి అడుగుతూనే ఉండాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు, ఆ హోదాతో వచ్చే రుణాలూ లేవు. ఆ అన్యాయం మీద మన గొంతు తగ్గకూడదు. ఈలోగా పిల్లల ఫీజు కట్టాల్సిన తల్లి ఇవాళే అడుగుతోంది. రెండూ చేయాలి.

యౌవనస్థులారా, మీ ఊరికి వెళ్ళాక మూడు పనులు చేయండి. ఏ కాలంలో ఏ కాయ ధర లేక కుళ్ళిపోతోందో చూడండి. కృష్ణగిరిలో మామిడి కావచ్చు, మీ దగ్గర ఇంకొకటి కావచ్చు. మీరు ముందు సరిగ్గా నేర్చుకుని, ఆ తర్వాతే నేర్పండి. ఆహార భద్రత నమోదు, లేబులు, బ్యాంకు ఫారాలు చదువుకున్న మీరే నింపిపెట్టండి. అమ్మిన డబ్బు మాత్రం ఆ తల్లుల ఖాతాలోకే పోవాలి, సంఘం ఖాతాలోకి కాదు.

ఆ 4వ అధ్యాయం ఎలా ముగుస్తుందో చూశారా? ఒకడు ప్రథమఫలమైన 20 యవల రొట్టెలు తెచ్చాడు. నూరుమంది తిన్నారు, ఇంకా మిగిలింది. ఎవరు చేసిన రొట్టె అని ఆ నూరుమందిలో ఒక్కరూ అడిగినట్టు రాయలేదు. మధ్యాహ్నం భోజనంలో ఈ సీసా తెరుస్తాం. అందరూ వేసుకోండి.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.