వైద్యుడు – పరిశోధకుడు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఊరి లెక్కలు వ్రాసికొను నాకు వైద్యశాస్త్రముతో పని యేమని మీరు శంకింపవచ్చును. కారణ మున్నది. మా మేనల్లుడు వైద్యవిద్య ముగించి, ఆసుపత్రి పెట్టుటకు మారుగా పరిశోధనకు పోదునని జాబు వ్రాసెను. “ఇంత చదివియు రోగి నాడి పట్టవా?” యని గద్దించినవాడను నేనే. పిదప మన గ్రంథాలయమున ఎల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితచరిత్ర చదివితిని.

ఆయన 1895 లో భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని కినుకకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. ఇరువురు సోదరులు ఎనిమిది దినముల వ్యవధిలో స్ప్రూ అను గ్రహణి వ్యాధితో గతించిరి. 1922 లో బోస్టను చేరిరి. అచ్చట ఆసుపత్రిలో రాత్రివేళ నౌకరు పని చేయుచు హార్వర్డులో చదివిరి. ఫిస్కే గారితో కూడి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925 లో ప్రకటించిరి. 1930 లో పిహెచ్.డి. వచ్చెను. రెండు విద్యలు చేతనుండియు స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. 1940 లో లెడర్లీ అను మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరిరి.

పాలసముద్రమును చిలికినగాని ధన్వంతరి వెలువడలేదు గదా! అచ్చట ఆయన నాయకత్వమున 1945 లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. తమ్ములను, అన్నలను మ్రింగు ఆ గ్రహణికి అది మందయ్యెను. నేడు గర్భిణులకిచ్చు మాత్రలలో నున్నదియు నదియే. బోదకాలు రాకుండ మనయూళ్ళలో ఇంటింట మ్రింగించిన మాత్రయు ఆ ప్రయోగశాలలో పుట్టినదే. ఆయన బృందము చేసిన అమినోప్టెరిన్‌తో బోస్టనులో ఫార్బరు గారు రక్తక్యాన్సరు సోకిన పసిపిల్లలకు, కొంతకాలమైనను, ఊరట కలిగించినట్లు 1948 లో ప్రకటించిరి.

ఇది జమ. ఖర్చు దాచుట లెక్కలవానికి తగదు. భార్య శేషగిరిగారు ఈ దేశముననే యుండిపోయిరి. ఆయన మరల రాలేదు. 1948 ఆగస్టులో ఏబదిమూడేండ్ల వయస్సున కన్నుమూసిరి. నేటికి నా వయస్సదియే.

ఇప్పటివారికి త్రోవ కొంత సుగమము. వైద్యమును పరిశోధనను కలిపి నేర్చు విద్యార్థులకు అమెరికా ప్రభుత్వము 1964 నుండి ధనసహాయము చేయుచున్నది. ఆ చదువునకు ఇంచుమించు ఎనిమిదేండ్లు పట్టును. ముగించినవారిలో పెక్కుమంది విశ్వవిద్యాలయముల ఆసుపత్రులలో కొన్నిదినములు రోగులను చూచుచు, తక్కినకాలము ప్రయోగశాలలో గడుపుదురు. కొందరు మందుల కంపెనీలకు పోవుదురు. స్వంత ఆసుపత్రి పెట్టినవానికి వచ్చు రాబడి వీరిలో పెక్కుమందికి రాదు. ఈ మాట మా అక్కగారికి దాచక చెప్పితిని.

మేనల్లునికి మాత్రము, వెళ్ళుమని మరియొక జాబు వ్రాసితిని. అక్కగారికి ఉత్తరములతో పనికాదని, ఆమె పేర చందా కట్టి, ఆ జీవితచరిత్రను ఇంటికి తీసికొనిపోయి యిచ్చితిని. గడువు దాటినది. ఆమె యింకను తిరిగి యీయలేదు.