చల్లారిన పొయ్యి

మా అక్కయ్య, బావగారు అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున స్థిరపడి యున్నారు. బావగారికి ఇంటిలో బీరు కాచుట వ్యాపకము. మన ఆబ్కారీ చట్టములు దీనిని అంగీకరింపవు గనుక, శ్రోతలు మా ప్రసంగమును వంటల కార్యక్రమముగా భావింపవలదని మనవి. ఆ దేశమునందును ఇది చిరకాలము నిషిద్ధమే. 1933లో మద్యనిషేధము తొలగినను, ఇంటి బీరునకు కేంద్ర చట్టము అనుమతి నిచ్చినది 1978లో, కార్టరు అధ్యక్షుడుగా నున్నప్పుడు. అలబామా, మిసిసిపీ రాష్ట్రములైతే 2013 వరకును ఒప్పుకొననే లేదు.

మేము తొలిసారి వెళ్లినపుడు ఆ యిల్లు పండుగవలె నుండెను. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మరపట్టి, సుమారు 66 డిగ్రీల వేడినీటిలో గంటసేపు నాననిచ్చిరి. గింజలోని పిండి చక్కెరగా మారుట అప్పుడే. ఆ తీపినీటిని వడకట్టి, చేదుకొరకు హాప్ పూవులు వేసి మరగించి, చల్లార్చి, ఈస్టు కలిపిరి. మరునాడు బుడగలు లేచు చప్పుడు వినుటకు మమ్ము పిలిచిరి. ఇడ్లీపిండి పొంగినదో లేదోయని తెల్లవారుజామున మూత తీసి చూచు మా అమ్మగారు మాకు జ్ఞాపకము వచ్చిరి.

నాలుగేండ్లకు మరల వెళ్లినపుడు ఆ సామగ్రి యంతయు గరాజులో దుమ్ము పట్టి యుండెను. కారణ మడిగితిమి. మొదట ఒకటే పాత్ర, పిమ్మట మూడు, ఆపై పంపులు, ఉష్ణమాపకములు, పోటీలలో న్యాయనిర్ణేతలు మార్కులు వేసి యిచ్చిన కాగితములు. ఒక్కసారి కాచుటకు ఒక ఆదివారము చెల్లును. అందు సగము పాత్రలు కడుగుటకే. ఒక తడవ ఏదో సూక్ష్మజీవి సోకి 19 లీటర్లు పుల్లబడగా తూములో పారబోసి, మరల పొయ్యి వెలిగింపలేదట.

"పారబోసినందుకు బాధ కలగలేదోయ్. అదీ నా బాధ" అనిరి.

ఈ మాట మమ్ము తాకినది. మైక్రోఫోను ముందు ఎర్రదీపము వెలిగినపుడు గుండె దడదడలాడుట మాకును ఎన్నడో మానినది. ఎన్నడు మానినదో మేము గమనింపనైన లేదు.

ఆ శనివారము అక్కయ్య వంటింటి గిన్నె నొకదానిని వారి ముందుంచి, "ఇందులో పట్టినంతే కాయండి" అనెను. నాలుగు లీటర్లకు మించదు. పంపులు లేవు, లెక్కల పుస్తకము లేదు. మధ్యాహ్న భోజనమునకు ముందే పని ముగిసెను. రుచి తెలియుటకు నెల పట్టును. అప్పటికి మేము స్వదేశమునకు చేరితిమి.

అయినను మరునాటి ఉదయమున, కాఫీయైనను త్రాగక, బావగారు గాజుజాడీ చెంత చెవి యొగ్గి కూర్చుండి యుండిరి. మేము పలుకరింపబోగా చేయెత్తి వారించిరి.