మిషను రూలు ఏది, మనిషి రూలు ఏది?



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల తండాల్లో ఐటీఐ, డిప్లొమా చేసిన మన పిల్లలు ఇంటర్వ్యూకు పోయేముందు అడిగే మొదటి మాట ట్రేడు గురించి కాదు. "అన్నా, జుట్టు కత్తిరించుకోవాల్నా? కడియం తీసేయాల్నా? చేతిమీద పచ్చబొట్టు ఉంది, నిండు చేతుల చొక్కా వేసుకోవాల్నా?" అని. ఈ మూడింటికీ ఒకే జవాబు లేదు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్ల తయారీ మొదలుపెట్టింది. చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చినాయి. హిందూపురం పక్కన తూమకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలు ఉన్నాయి. అదే 2019లో ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకు ఇవ్వాలని రాష్ట్రం చట్టం చేసింది. స్థానికుల్లో ఎస్టీలకు ఇంత అని వాటా మాత్రం లేదు. అందుకే బల్లకు అవతల కూర్చున్న మనిషి చూపుకు అంత బలం.

ముందు మిషను సంగతి. లేత్ దగ్గర వదులు చేతులు, వేలాడే జుట్టు, ఉంగరం, కడియం ప్రాణం మీదికి తెస్తాయి. తిరుగుతున్న మిషనుకు ఆయిలు వేసే పనివాడు ఒంటికి బిగుతైన బట్టలే వేసుకోవాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లోనే ఉండేది. మొహానికి అతుక్కునే మాస్కు కట్టే పనిలో గడ్డం ఉంటే సందుల్లోంచి పొగ లోపలికి పోతుంది. అసెంబ్లీలో బెల్టు బకిల్ తగిలినా కారు బాడీ మీద గీత పడుతుంది. పెయింట్ షాపుదైతే ఇంకో తమాషా. సిలికాన్ కలిసిన హెయిర్ జెల్, క్రీము పూసుకొని పోతే పెయింటులో చిన్నచిన్న గుంటలు పడతాయి. టీవీలో చూసి 'నీట్‌గా' తయారైనవాడితోనే అక్కడ తంటా! ఇట్లాంటి రూలు ఎవరికైనా ఒకటే. దాన్ని మన ఆచారం మీద దాడి అనుకోవద్దు. కడియం ఇంట్లో పెట్టి పోండి.

పచ్చబొట్టు అట్లా కాదు. అవ్వ వేయించిన చుక్కలు వెల్డింగు జాయింటును చెడగొట్టవు. సైన్యంలో చేరేవాళ్లకు పచ్చబొట్ల మీద ఆంక్షలు ఉన్నా, గిరిజనులు తమ ఆచారం ప్రకారం వేయించుకున్నవాటికి మినహాయింపు ఉంది. సైన్యానికి లేని అభ్యంతరం నట్లు బిగించే కంపెనీకి ఎందుకప్పా? "మొహం చూస్తేనే తండా అని తెలుస్తాంది", "యాస మార్చుకో" అనేవి కూడా గ్రూమింగ్ పేరుతోనే వస్తాయి. ఇది కొత్తగా పుట్టిందేం కాదు. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది, 1911 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోనూ నడిచింది. ఎరుకల వాళ్లను పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. 1952లో రద్దయింది. ఆ చూపు మాత్రం కొందరి కళ్లల్లో ఇంకా ఉంది.

చెల్లెళ్లకైతే రెండు వైపులా పోటు. సాదాగా పోతే "ప్రెజెంటబుల్‌గా లేవు" అంటారు, తయారై పోతే "షాప్ ఫ్లోర్‌లో ఏం పనిచేస్తావు, రిసెప్షన్‌లో కూర్చో" అంటారు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసిన పిల్ల రిసెప్షన్‌కు ఒప్పుకోవాల్సిన పనిలేదు.

కాబట్టి ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, కత్తిరించిన గోళ్లు, ముందు మూసిన బూట్లు చాలు. అప్పు చేసి కొత్త బట్టలు కొనొద్దు. గ్రీజు మరకలు గోళ్ల సందుల్లో ఉంటే దాచుకోవద్దు, పని చేసిన చేతులని వాళ్లకూ తెలుస్తుంది. దేన్నైనా తీసేయమంటే మర్యాదగానే అడగండి: "సార్, ఇది రాసి ఉన్న రూలా? అందరికీ ఉందా?" జవాబు రాకుండా మిమ్మల్ని వెనక్కి పంపితే తేదీ, కంపెనీ, అన్న మాటలు ఆరోజే రాసిపెట్టుకోండి.

ఇంకొకటి. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద శిక్షణ సీట్లలో ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది, ప్రైవేటు ఫ్యాక్టరీలోనైనా. మీ ఐటీఐలో ప్రిన్సిపాల్‌ను అడగండి, ఏ కంపెనీ ఎన్ని సీట్లు చూపించింది, అందులో మనవాళ్లు ఎందరని. ఆ లెక్క కాగితం మీద తీసుకొని రండి, కలిసి కూర్చొని చూద్దాం.