బలవంతులు – వారి సాధన

(పంజాగుట్టలో యౌవనస్థుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవాల సందర్భంగా సంఘంలో ఒక్కొక్కరూ తమకు తెలిసిన విషయం మీద కొంచెంసేపు మాట్లాడాలని కార్యదర్శిగారు ఏర్పాటు చేశారు. నాకు వచ్చిన అంశం “బలము”. ముప్పై ఏళ్ళు బడిలో డ్రిల్లు మాస్టారుగా ఈల ఊదినవాణ్ణి గనుక ఇది నాకు తగినదే అనుకున్నారు కాబోలు. అయితే ఈ అంశాన్ని నేను ఒప్పుకోవడానికి మరొక కారణం ఉంది. దాన్ని చివర మనవి చేసుకుంటాను.

బలవంతుడు అనగానే మనకు సమ్సోను జ్ఞాపకం వస్తాడు. మన ఇరుగుపొరుగువారికి భీముడు, ఆంజనేయుడు జ్ఞాపకం వస్తారు. వారిది వరంగా వచ్చిన బలం. నేను ఈ సాయంకాలం చెప్పబోయేది మనవంటి తల్లిదండ్రులకు పుట్టి, మన అన్నమే తిని, సాధనచేత బలవంతులైన వారిని గురించి.

మొదట చెప్పవలసిన పేరు కోడి రామమూర్తి నాయుడు. ఆయన స్వగ్రామం వీరఘట్టం. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లా. బాల్యంలో విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగి, అక్కడి వ్యాయామశాలలో కుస్తీ నేర్చుకున్నాడు. తరువాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి విజయనగరం వచ్చి వ్యాయామోపాధ్యాయుడయ్యాడు. అంటే ఆయన కూడా మా డ్రిల్లు మాస్టర్ల కులమే! ఆ మాట చెప్పుకోవడం మాకు గర్వం. ఆ తరువాత సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగాడు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి పీల్చి దాన్ని తెంచేవాడు. రెండు పక్కల రెండు కార్లకు కట్టిన గొలుసులు చేతులతో పట్టుకుని అవి కదలకుండా నిలిపేవాడు. రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకునేవాడు. కలియుగ భీముడని జనం బిరుదు ఇచ్చారు.

ఇందులో కనికట్టు ఉందా అని పిల్లలు నన్ను అడిగేవారు. కనికట్టు లేదు, కిటుకు ఉంది, దానికంటె ఎక్కువ సాధన ఉంది. ఏనుగు ఎక్కేటప్పుడు రొమ్ము మీద వెడల్పాటి బల్ల వేస్తారు. బరువు ఒకేచోట గుచ్చుకోకుండా ఆ బల్ల మీదుగా దేహమంతా పరచుకుంటుంది. ఇక ఊపిరి సంగతి. గాలి కొట్టని ట్యూబును వేలితో నొక్కితే అణిగిపోతుంది. నిండా గాలి కొట్టిన ట్యూబు మీద బండి నడుస్తుంది. నిండుగా ఊపిరి పీల్చి, కడుపు కండరాలు బిగిస్తే మన మొండెం కూడా అలాగే గట్టిపడి వెన్నెముకకు ఆసరా ఇస్తుంది. రామమూర్తి ఏళ్ళ తరబడి ప్రాణాయామం అభ్యసించాడని చెబుతారు. ఈనాడు బరువులు ఎత్తేవారందరూ బరువు లేపే క్షణంలో చేసేదీ ఇదే. అయితే రక్తపోటు ఉన్న పెద్దలు మాత్రం ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తకూడదు. ఆ క్షణంలో రక్తపోటు ఒక్కసారిగా చాలా పైకి లేస్తుంది.

అంతటివాడికీ చివరి దినాల్లో కాలు పుండుపడి తీసివేయవలసి వచ్చింది. 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.

రెండవ పేరు దండమూడి రాజగోపాలరావు. 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లో బరువులెత్తడంలో కాంస్య పతకం తెచ్చినవాడు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ చిత్రంలో భీముడి వేషం ఆయనదే. ఆ చిత్రం చూసిన పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. అది పూతలతో చేసిన దేహం కాదు, నిజంగా బరువులెత్తి పెంచిన దేహం.

మూడవ పేరు మన ఆడపిల్లలు తప్పక వినవలసింది. కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగింది. తండ్రి రైల్వేలో కానిస్టేబులు. పన్నెండేళ్ళ వయసులో, సన్నగా బలహీనంగా ఉన్నావు, ఇంటిపని చూసుకొమ్మన్న మాట తనకు ఎదురైందని ఆమే తరువాత చెప్పుకుంది. ఆ సన్నని పిల్ల 1994లోనూ 1995లోనూ ప్రపంచ విజేత అయింది. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆడవారి వెయిట్‌లిఫ్టింగును మొదటిసారి ప్రవేశపెట్టారు. 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమె. బంగారు పతకం కోసం చివరిసారి 137.5 కిలోలకు చెయ్యి వేసింది, నిలపలేకపోయింది. ఎదుటివారికి వచ్చినది 242.5. రెండున్నర కిలోల తేడా, అంటే మనం సంచిలో తెచ్చుకునే ఉల్లిగడ్డలంత. ఆ పతకం చూసిన తరువాత ఎందరో తల్లిదండ్రులు తమ ఆడపిల్లలను వ్యాయామశాలకు పంపించారు.

ఈ ముగ్గురూ కోస్తావారేనా, మన నగరంలో లేరా అని మీరు అడగవచ్చు. మన హైదరాబాదు పహిల్వాన్ల ఊరు. పాతబస్తీలోనూ ధూల్‌పేటలోనూ తాలింఖానాలు తరతరాలుగా ఉన్నాయి. మెత్తగా తవ్విన మట్టిలో దండాలు, బైఠకులు, గద తిప్పడం నేర్పేవారు. 1958లో హింద్ కేసరి కుస్తీ పోటీలు మొట్టమొదట జరిగింది మన నగరంలోనే. పల్లెల్లో అయితే రచ్చబండ దగ్గర ఒక గుండు ఉండేది. ఉత్తరాంధ్రలో సంగిడి రాళ్ళు ఉండేవి. పండుగ దినాన దాన్ని ఎత్తినవాడు మొనగాడు.

మరి ఈ బలం ఎలా వస్తుంది?

పూర్వం గ్రీకులలో మైలో అనే మల్లుడు ఉండేవాడు. చిన్న దూడను రోజూ భుజాన ఎత్తుకుని నడిచేవాడట. దూడ దినదినం పెరిగింది. దానితోపాటు అతని బలమూ పెరిగింది. చివరకు ఎద్దును మోశాడని కథ. కథ సంగతి ఎలా ఉన్నా దానిలోని సూత్రం నిజం. బరువును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. ఈ రోజు 10 కిలోలు ఎత్తినవాడు రేపు 20కి పోకూడదు.

మొదటి కొన్ని వారాల్లో కండ ఏమంత పెరగదు, అయినా బలం పెరుగుతుంది. ఎందుకంటే మెదడు, నరాలు ముందు నేర్చుకుంటాయి. మన కండరంలో వేలాది పోగులు ఉంటాయి. అలవాటు లేనివాడు వాటిలో కొన్నిటినే పనిలోకి పిలవగలడు. అభ్యాసం ఉన్నవాడు ఎక్కువ పోగులను ఒకేసారి పిలుస్తాడు. డ్రిల్లులో వంద మంది పిల్లలు ఒక్క ఈలకు ఒక్కసారి అడుగు వేసినట్లు. ఆ తరువాత పోగులు లావెక్కుతాయి. చిత్రం ఏమిటంటే, కండ పెరిగేది బరువు ఎత్తేటప్పుడు కాదు, పడుకున్నప్పుడు. బరువు కండరాన్ని అలసగొడుతుంది. తిండి, నిద్ర దాన్ని మునుపటికంటె గట్టిగా కడతాయి. అందుకే ఒకే కండరానికి రోజు విడిచి రోజు పని పెట్టమంటారు. ఆరు దినాల పని తరువాత విశ్రాంతి దినం అవసరమని మన పెద్దలకు చెప్పనక్కరలేదు!

తిండి విషయం. మామూలు మనిషికి తన బరువులో కిలోకు 0.8 గ్రాముల మాంసకృత్తులు చాలునంటారు. బరువులు ఎత్తేవారికి కిలోకు 1.6 గ్రాముల వరకు ఉపయోగం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో దాదాపు అంతే ఉంటుంది. పప్పు, శనగలు, వేరుశనగలు, పెరుగు, చేపలు మన వంటింట్లోనే ఉన్నాయి. డబ్బాల పొడి లేనిదే బలం రాదన్న మాట అబద్ధం. కోడి రామమూర్తి నాటికి ఆ డబ్బాలు ఎక్కడివి?

పుట్టుక భేదం లేదని నేను అనను. కండ ఎంతవరకు పెరగాలో అదుపుచేసే మయోస్టాటిన్ అనే పదార్థం దేహంలో ఉందని 1997లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. జర్మనీలో ఒక పసివాడు అది పనిచేయని లోపంతో పుట్టి, పుట్టుకతోనే కండలు తిరిగి ఉన్నాడని 2004లో ప్రకటించారు. అటువంటివారు బహు అరుదు. తలాంతులు ఒక్కొక్కరికి ఒక్కొక్క లెక్కన ఇచ్చినా, భూమిలో పాతిపెట్టినవాడికి ఏమీ మిగలలేదన్న సంగతి మీకు తెలిసినదే.

బలానికి ఒక హద్దు కూడా ఉంది. 2016లో ఎడీ హాల్ అనే ఇంగ్లీషువాడు 500 కిలోల బరువును నేలమీదినుండి లేపాడు. లోకమంతా చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే అతని ముక్కునుండి రక్తం కారింది, స్పృహ తప్పి పడిపోయాడు. అతని వెనుక శిక్షకులు, వైద్యులు ఉన్నారు. మన గంజ్‌లో బస్తాలు మోసే హమాలీ అన్నల వెనుక ఎవరున్నారు? వారూ బలవంతులే, కాని వారికి పతకాలు లేవు, నడుము నొప్పులు ఉన్నాయి. ఒక మగమనిషి చేత 55 కిలోలకు మించి మోయించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మనలో దుకాణాలు, గోదాములు ఉన్నవారు ఈ మాట జ్ఞాపకం ఉంచుకోవలెను.

ఇంట్లో అమ్మలకు ఒక మాట. నిండు గ్యాస్ సిలిండరు సుమారు 30 కిలోలు ఉంటుంది. నడుము వంచి దాన్ని లాగవద్దు. మోకాళ్ళు వంచి కూర్చుని, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, కాళ్ళ బలంతో లేవాలి. మల్లీశ్వరి 130 కిలోలు లేపినదీ కాళ్ళ బలంతోనే. అంతకంటె మంచి పద్ధతి, ఇంట్లో ఉన్న కుర్రవాణ్ణి పిలవడం!

ఇక నేను ముందు మనవి చేస్తానన్న సంగతి.

మన అమీర్‌పేటలో కోచింగులకు వచ్చి గదుల్లో ఉండే పిల్లలు ఎందరో. అటువంటి కుర్రవాడొకడు మన ఆరాధనకు వచ్చేవాడు. జిమ్ములో చేరాడు. ఒకరోజు గుడి మెట్ల దగ్గర ఒక చిన్న సీసా చూపించి, “మాస్టారూ, ఇది వేయించుకుంటే మూడు నెలల్లో కండలు వస్తాయంటున్నారు, వేయించుకోనా?” అని అడిగాడు. ఏదో తొందరలో ఉన్నాను. ఆ మందు సంగతి నాకు సరిగా తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ పడ్డాను. “చదువుకున్నవాడివి, నీకు తెలియదా?” అని నవ్వి వచ్చేశాను. నాలుగు నెలలు తిరగకుండా మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. రక్తపోటు విపరీతంగా ఉంది, గుండె దెబ్బతింది. ప్రాణం దక్కింది గాని, ఇక బరువులు ముట్టవద్దని డాక్టర్లు చెప్పారు. నేను చూడబోతే వాడు నన్ను ఒక్కమాట అనలేదు. “మీరు వద్దంటే మానేసేవాణ్ణి మాస్టారూ” అన్నాడు. అంతే. ఆ మాట నన్ను ఈ రోజుకూ విడువలేదు.

ఆ తరువాత తెలుసుకున్నాను. కండలు పెంచే ఆ స్టెరాయిడ్ మందులు గుండెను, కాలేయాన్ని పాడుచేస్తాయి. సంతానం కలగకుండా చేయగలవు. మనసును కూడా చెడగొడతాయి. కనుక ఆ రోజు గుడి మెట్ల మీద చెప్పవలసిన మాట ఈ రోజు అందరి ఎదుట చెబుతున్నాను: తమ్ముళ్ళారా, వద్దు. డాక్టరు రోగానికి రాసినది తప్ప, బలం కోసం ఏ సూదీ వేయించుకోవద్దు. పెద్దలారా, పిల్లలు అడిగినప్పుడు తెలియకపోతే తెలియదని చెప్పి, తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్ళండి. నవ్వి పంపించవద్దు.

చివరిగా మరొక బలవంతురాలి సంగతి చెప్పి ముగిస్తాను. మన పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి 1960లలో నిజాం ఎముకల ఆసుపత్రిగా మొదలైంది. బలం విలువ తెలియాలంటే ఎముకల వార్డులో ఒక గంట కూర్చుంటే చాలును. మా ఇంటావిడ 72వ ఏట స్నానాలగదిలో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను అయింది. తరువాత వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చి, కాలికి చిన్న ఇసుక సంచి కట్టి, పైకి లేపమంది. మొదటి రోజు అంగుళం లేవలేదు. “ఈ వయసులో నాకు బలమేమిటి తల్లీ” అని ఏడ్చింది. ఆ అమ్మాయి విడిచిపెట్టలేదు. సరిగ్గా మైలో దూడ లెక్కనే, ఇసుక పిడికెడు పిడికెడు పెంచుతూ పోయింది. 1990లో అమెరికాలో వృద్ధాశ్రమంలో ఉన్న 90 ఏళ్ళ వారిచేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తిస్తే, వారి కాళ్ళ బలం రెండింతలు దాటిందట. ఆ సంగతి నేను చదివినప్పుడు నమ్మలేదు. మా ఇంట్లో చూసి నమ్మాను. ఐదు నెలలకు ఆమె చేతికర్ర పట్టుకుని మన గుడి మెట్లు ఎక్కింది. కుర్చీలోంచి ఎవరి ఆసరా లేకుండా లేచి నిలబడి కీర్తన పాడింది. ఈ సాయంకాలం మూడవ వరుసలో కూర్చుని, ఇంకా ఎంతసేపు మాట్లాడతాడోనని నావైపు చూస్తోంది.

కాబట్టి రేపు ఉదయం నుండే మొదలుపెట్టండి. యౌవనస్థులు దండాలు తీయండి, పెద్దలు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గొలుసులు తెంచనక్కరలేదు. పడినవారిని లేవనెత్తేంత బలం మనలో ప్రతివారికీ ఉంటే చాలును.