చార్జి అప్పగించేదాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నువ్వు చేసే పని గురించి పావుగంట చెప్పు. కానీ మన తెలుగు మాస్టారికి కూడా అర్థం కావాలి" అని కార్యదర్శి గారు షరతు పెట్టారు. మంచి షరతే. నేను హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే బృందంలో పనిచేస్తున్నాను. ఆగకూడని సర్వర్లను ఆపకుండానే మార్చడం మా పని. పాతవి తీసి కొత్తవి పెట్టాలి, ప్రోగ్రాం మార్చాలి, మూడు చాలకపోతే ఐదు చేయాలి. ఇదంతా జరుగుతుండగా జనం వాటిని వాడుకుంటూనే ఉంటారు.

కాసేపు ఆపి మార్చుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మన చిన్నప్పుడు బ్యాంకు సాయంత్రానికి మూసేవారు, లెక్కలు సరిచూసుకునేవారు. ఇప్పుడు రాత్రి రెండు గంటలకు ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్‌తో డబ్బు కట్టే మనిషికి "రేపు రండి" అని చెప్పలేం.

అలాంటి చోట ఒక్క కంప్యూటర్‌ను నమ్ముకోరు. ఒకే లెక్కను మూడింటిలోనో ఐదింటిలోనో రాసి ఉంచుతారు. ఐదూ ఒప్పుకుంటేనే పని జరగాలంటే ఒకటి చెడినా అంతా ఆగుతుంది. అందుకని సగం కంటే ఎక్కువమంది ఒప్పుకుంటే చాలు అనే నియమం పెట్టారు. ఐదుగురిలో ఏ ముగ్గురిని తీసుకున్నా, మళ్ళీ ఏ ముగ్గురిని తీసుకున్నా, రెండు జట్లలోనూ ఉండే మనిషి కనీసం ఒకరుంటారు. నిన్నటి నిర్ణయం ఇవాళ్టి వాళ్ళకు తెలిసేది ఆ ఒక్కరి వల్లే. లెక్కల మాస్టారు వేలి మీద చూపించగల విషయం ఇది. కానీ ప్రపంచంలో ఎన్నో పెద్ద డేటాబేస్‌లు దీని మీదే నిలబడ్డాయి.

చిక్కల్లా ఆ గుంపునే మార్చాల్సి వచ్చినప్పుడు వస్తుంది. మన సంఘాన్నే ఉదాహరణగా తీసుకుందాం. పెద్దలు ఏమీ అనుకోవద్దు, ఇది ఊహ మాత్రమే.

కార్యవర్గంలో ముగ్గురున్నారు: అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి. మరో ఇద్దరిని చేర్చి ఐదుగురిని చేశారు. ఆ ఉత్తరం కోశాధికారికి, కొత్త ఇద్దరికి అందింది. అధ్యక్షులకు, కార్యదర్శికి ఇంకా అందలేదు. వాళ్ళిద్దరూ కూర్చుని, ముగ్గురిలో ఇద్దరం ఉన్నాం కదా అని, నిధి మొత్తం ప్రహరీ గోడకు ఇస్తూ తీర్మానం చేశారు. అదే రోజు కోశాధికారి, కొత్త ఇద్దరు కూర్చుని, ఐదుగురిలో ముగ్గురం ఉన్నాం కదా అని, అదే నిధిని గ్రంథాలయానికి ఇస్తూ తీర్మానం చేశారు. ఎవరూ మోసం చేయలేదు. ఇద్దరి తీర్మానమూ నిబంధన ప్రకారమే ఉంది. కానీ డబ్బు ఒక్కటే.

సర్వర్లలో సరిగ్గా ఇదే జరుగుతుంది. కొత్త జాబితా అన్నింటికీ ఒకే క్షణంలో చేరదు. ఆ మధ్య కాలంలో ఒకే వ్యవస్థకు ఇద్దరు యజమానులు తయారవుతారు.

దీనికి ఒక మందు 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డియేగో ఒంగారో, జాన్ ఆస్టర్‌హౌట్ ప్రచురించిన 'రాఫ్ట్' అనే పద్ధతిలో ఉంది. పాత గుంపు నుంచి కొత్త గుంపుకు ఒక్కసారిగా దూకరు. మధ్యలో ఉమ్మడి కాలం ఒకటి పెడతారు. ఆ కాలంలో ఏ నిర్ణయానికైనా పాత గుంపులో సగానికి పైగా, కొత్త గుంపులోనూ సగానికి పైగా, విడివిడిగా ఒప్పుకోవాలి. ఉమ్మడి ఏర్పాటును రెండు గుంపులూ అలా ఖాయం చేశాకే కొత్త జాబితాను అమలులోకి తెస్తారు. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. కొత్తగా చేరేవాళ్ళకు ముందు మినిట్స్ పుస్తకం మొత్తం చదివే సమయం ఇస్తారు. చదివి అందుకునేదాకా వాళ్ళకు ఓటు ఉండదు.

ఇది తెలియక కాదు గానీ, బడిలో మనం దీన్ని ఎప్పుడో చూశాం. హెడ్మాస్టారికి బదిలీ అయితే ఆయన తాళాలు బల్ల మీద పెట్టి బస్సెక్కరు. నగదు పుస్తకం, అడ్మిషన్ రిజిస్టరు, బీరువాలో సామాను లెక్క చూసి, ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఒకే కాగితం మీద సంతకాలు చేస్తారు. ఆ సంతకాలు పడేదాకా బాధ్యత పాతవారిదే.

ఒక్కొక్కరినే చేర్చితే ఇంత తతంగం అక్కరలేదు కదా అనే ఆలోచన కూడా వచ్చింది. ముగ్గురిని నలుగురు చేస్తే, పాతవారిలో ఇద్దరు, కొత్త లెక్కలో ముగ్గురు కావాలి. రెండూ కలిపితే ఐదు. ఉన్నది నలుగురే కాబట్టి ఒకరు రెండు వైపులా ఉండక తప్పదు. లెక్క బాగుంది. అయినా 2015లో అందులోనూ ఒక లోపం బయటపడింది. ఒక మార్పు సగంలో ఉండగా నాయకుడు పోయి, కొత్త నాయకుడు ఇంకో మార్పు మొదలుపెడితే, మళ్ళీ ఇద్దరు యజమానులు తయారయ్యే వీలుంది. కొత్త నాయకుడు ముందుగా తన హయాంలో ఒక తీర్మానం నెగ్గించుకున్నాకే సభ్యులను మార్చాలి అన్న షరతు చేర్చి దాన్ని సరిచేశారు. లోపాన్ని చెప్పి, సవరణ ఇచ్చింది కూడా ఒంగారోనే.

సభ్యులనే కాదు, ప్రోగ్రాం మార్చినా ఇదే జాగ్రత్త కావాలి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థలో జరిగింది చూడండి. ఎనిమిది సర్వర్లలో కొత్త ప్రోగ్రాం పెట్టాల్సి ఉంటే ఏడింటిలోనే పెట్టారు. కొత్త ప్రోగ్రాంను నడిపించడానికి, ఒకప్పుడు వేరే ప్రోగ్రాంకు వాడిన గుర్తునే మళ్ళీ వాడారు. ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న ఆ పాత ప్రోగ్రాం ఎనిమిదో సర్వర్‌లో ఇంకా ఉంది. మార్కెట్ తెరవగానే అది లేచి ఆర్డర్లు పంపుతూ పోయింది. సరిదిద్దే తొందరలో, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త ప్రోగ్రాం తీసేశారు. దాంతో వాటిలోనూ పాతది లేచింది. దాదాపు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. ఏడాది తిరక్కుండానే ఆ సంస్థ మరో సంస్థలో కలిసిపోయింది.

పాత, కొత్త కొంతకాలం పక్కపక్కనే ఉండక తప్పదు. అప్పుడు ఒకే మాటకు వాళ్ళిద్దరి దగ్గర రెండు అర్థాలు ఉండకూడదు. ఎనిమిదోది కూడా మారిందా అని ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి.

వెనక్కి వచ్చే దారి కూడా ముందే చూసుకోవాలి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్ సుమారు ఆరు గంటలు ఆగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మామూలు నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం వాళ్ళ డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్‌ను తెంపేసింది. అలాంటి ఆదేశాన్ని అడ్డుకోవాల్సిన తనిఖీ ప్రోగ్రాంలోనే లోపం ఉంది. సరిచేయడానికి వాడే పనిముట్లు కూడా చాలావరకు అదే నెట్‌వర్క్ మీద ఆధారపడ్డవి. ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్ళాల్సి వచ్చింది. బావిలో దిగేవాడు తాడును గట్టున కట్టాలి గానీ, బావిలోని బకెట్‌కు కట్టుకోకూడదు కదా!

అందుకే మా బృందంలో ఏ మార్పుకైనా ముందు కొన్ని ప్రశ్నలు కాగితం మీద రాసుకుంటాం. ఈ క్షణాన మాట ఎవరిది? సగంలో ఆగిపోతే ఎవరిది? వెనక్కి రావాలంటే దారి ఏది? జవాబు రాయలేకపోతే ఆ రాత్రి మార్పు ఉండదు. కుర్రవాళ్ళకు ఇది చాదస్తంగా అనిపిస్తుంది. కానీ ఆ రాత్రి ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి మా పేర్లు తెలియవు, తెలియాల్సిన పనీ లేదు. ఆయన కట్టిన డబ్బు ఒక్కసారే కట్టినట్టు లెక్కలో పడితే చాలు.

మన సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. ఈ ఏడాది కొత్త కార్యవర్గం వస్తోందని విన్నాను. పాతవారు ఆర్నెల్లు వాళ్ళ పక్కన కూర్చుంటే బాగుంటుందని, సర్వర్లతో గడిపే మనిషిగా నా సలహా.  అర్థం కాని చోటు ఏదైనా ఉంటే, భోజనాల దగ్గర పట్టుకుని అడగండి.