డబ్బా పాలు, తల్లిపాలు - మధ్యలో తల్లి

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన ప్రశ్న చాలా సూటిగా ఉంది. డబ్బా పాలూ, బలానికని అమ్మే పొడులూ పిల్లల ఎదుగుదలకు నిజంగా ఉపయోగపడతాయా? ఈ ప్రశ్నకు డాక్టర్‌ని పిలవకుండా సోషియాలజీ చదివినదాన్ని ఎందుకు పిలిచారా అని మొదట అనుకున్నాను. ఆలోచిస్తే, దీన్ని డాక్టర్ల కంటే ముందు వేసుకునేది తల్లులే, అదీ అర్ధరాత్రి బిడ్డ ఏడుస్తున్నప్పుడు. ఆ సమయంలో ఆమె చుట్టూ ఎవరున్నారు, ఆమెకు ఏమి చెబుతున్నారు, ఆమె చేతిలో ఎంత డబ్బుంది, తెల్లవారి ఆమె ఎక్కడికి పోవాలి అన్నవి సామాజిక శాస్త్రం పట్టించుకోవలసిన విషయాలే.

ముందు నా అనుభవం చెబుతాను. మా అమ్మాయికి ఇప్పుడు 16 ఏళ్ళు. సిజేరియన్ కాన్పు. మత్తు పూర్తిగా దిగకముందే, "పాలు పడలేదమ్మా, పాప ఏడుస్తోంది, డబ్బా తెప్పించండి" అని నర్సు మా వాళ్ళకు చీటీ ఇచ్చింది. కింద మందుల షాపులో ఆ డబ్బా సిద్ధంగా ఉంది. నేను కళ్ళు తెరిచేసరికి పాప కడుపు నిండి నిద్రపోతోంది. రెండో రోజూ అంతే. మూడో రోజు పాపను రొమ్ముకు చేర్చుకుంటే అది మొహం తిప్పుకుంది. బిడ్డ చీకితేనే పాలు ఊరతాయని, మొదటి రెండు మూడు రోజులు వచ్చే కొద్దిపాటి ముర్రుపాలు ఆ చిన్న కడుపుకు చాలుతాయని ఆ ఆసుపత్రిలో ఎవరూ నాకు చెప్పలేదు. అప్పటికే నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. "నీకు పాలు తక్కువ" అన్న మాటను మాత్రం ఏ ఆధారమూ అడగకుండా నమ్మేశాను. తల్లిగా నేనేదో తక్కువ చేశానన్న బాధ చాలా ఏళ్ళు వదల్లేదు.

ఇంకొక తల్లి మాట. కొన్నేళ్ళ క్రితం హైదరాబాదు శివార్లలో భవన నిర్మాణ కార్మికులతో మాట్లాడుతున్నప్పుడు, పాలమూరు నుంచి వలస వచ్చిన ఒకామె మూడు నెలల బిడ్డకు సీసాతో పాలు పట్టడం చూశాను. పాలు నీళ్ళలా ఉన్నాయి. నేను అడగబోయేలోపే ఆమె అంది: "నాకు పాలు లేవని కాదక్కా, పొద్దు లేదు. పొద్దుగాల పనికి పోతే సందెకాడ వస్త. నా పాలు నా రవికెలనే ఆరిపోతయి." బిడ్డను చూసుకుంటున్నది ఏడేళ్ళ పెద్దకూతురు. ఆ పిల్ల బడికి పోవడం లేదు.

నేను చదువుకున్నదాన్ని, ఆమె కూలి మనిషి. ఇద్దరి చేతుల్లోకీ వచ్చింది ఒకే డబ్బా. నా దగ్గరకు నమ్మకం లేకపోవడం వల్ల వచ్చింది, ఆమె దగ్గరకు సమయం లేకపోవడం వల్ల వచ్చింది. ఈ తేడాను గుర్తు పెట్టుకుని అసలు ప్రశ్నకు వద్దాం.

డబ్బా పాలు విషం కాదు. తల్లి చనిపోయిన బిడ్డకు, దత్తత తీసుకున్న బిడ్డకు, కొన్ని రకాల జబ్బులున్న తల్లుల బిడ్డలకు అవి ప్రాణాధారం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు తల్లిపాల బ్యాంకులు మేలు. 1989లో ముంబైలోని సయాన్ ఆసుపత్రిలో మన దేశపు మొదటి తల్లిపాల బ్యాంకు మొదలైంది. కానీ అలాంటివి ఊరూరా లేవు. కాబట్టి డబ్బా పాలు పట్టిన ఏ తల్లినీ ఈ సభలో దోషిగా నిలబెట్టకూడదు. అయితే ఆ పాలలో లేనిదేమిటో తెలియాలి. తల్లిపాలలో రోగాల నుంచి కాపాడే పదార్థాలుంటాయి. డబ్బా పాలలో అవి లేకపోగా శుభ్రమైన నీళ్ళు, మరిగించడానికి గ్యాసు, సీసా కడగడానికి తీరిక, సరైన కొలతలో కలపడానికి డబ్బు కావాలి. ఒక లెక్క చూడండి. మూడు నెలల బిడ్డకు పూర్తిగా డబ్బా పాలే పడితే 400 గ్రాముల డబ్బా మూడు నాలుగు రోజులకు మించి రాదు. నెలకు ఎనిమిది తొమ్మిది డబ్బాలు. ఒక్కొక్కటి 400 రూపాయలకు అటూ ఇటూ వేసుకున్నా నెలకు 3,500 రూపాయల దాకా అవుతుంది. పాలమూరు తల్లి పాలను పలచగా కలిపింది తెలియక కాదు, డబ్బా వారం రావాలని.

ఈ ప్రమాదం గురించి మొదట గట్టిగా మాట్లాడినది ఒక స్త్రీయే. 1939లో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు సింగపూర్ రోటరీ క్లబ్బులో 'పాలూ, హత్యా' అన్న పేరుతో ప్రసంగించి, పేద తల్లులకు పాల డబ్బాలు అంటగట్టడాన్ని హత్యగా చూడాలన్నది. ఆ తర్వాత 42 ఏళ్ళకు, 1981లో ప్రపంచ ఆరోగ్య సభ పాల డబ్బాల అమ్మకాలపై నియమావళి తెచ్చింది. 118 దేశాలు ఒప్పుకుంటే వ్యతిరేకంగా ఓటు వేసింది ఒక్క అమెరికా. మన దేశంలో 1992లో చట్టం వచ్చింది. దాని ప్రకారం శిశువుల పాల డబ్బాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, డబ్బా మీద బిడ్డ బొమ్మ గానీ తల్లి బొమ్మ గానీ వేయకూడదు. 2003 సవరణ ఈ నిషేధాన్ని రెండేళ్ళలోపు పిల్లల ఆహారానికి కూడా విస్తరించింది. కాబట్టి టీవీలో మీకు ఆ ప్రకటన కనిపించదు. చీటీ మీద కనిపిస్తుంది.

ప్రకటనలున్న దేశాల్లోనూ, పెద్ద పిల్లల పొడుల విషయంలో మన దగ్గరా వినిపించే మాట ఒక్కటే: మెదడు. తెలివి, జ్ఞాపకశక్తి, చూపు, ఎత్తు. ఇది నిజమేనా? ఇంగ్లండులో 1993 నుంచి 2001 వరకు ఏడు పరీక్షల్లో పసిపిల్లలకు రకరకాల పోషకాలు అదనంగా కలిపిన పాలు పట్టారు. ఆ పిల్లల బడి మార్కులను పరిశోధకులు తర్వాత బయటికి తీసి, 2021లో ఫలితాలు ప్రకటించారు. 16 ఏళ్ళ వయసులో లెక్కల పరీక్షలో, మామూలు డబ్బా పాలు తాగిన వారికంటే వీళ్ళకు ఏ మేలూ కనిపించలేదు. మెదడుకు మంచిదని చెప్పే కొవ్వు ఆమ్లాలు కలిపిన పాలు తాగిన పిల్లలకు 11 ఏళ్ళప్పుడు ఇంగ్లీషు, లెక్కల్లో మార్కులు తక్కువే వచ్చాయి. ఎక్కువ ధర పెట్టి కొన్న తెలివి ఇది.

తల్లిపాల వైపు కూడా అతిశయోక్తులున్నాయి, వాటినీ ఒప్పుకోవాలి. బెలారస్‌లో 1996-97లో 17,000 మందికి పైగా తల్లీబిడ్డలతో మొదలుపెట్టిన పెద్ద అధ్యయనంలో, ఆసుపత్రిలో తల్లిపాలకు ప్రోత్సాహం దొరికిన చోట పిల్లలకు కడుపు జబ్బులు బాగా తగ్గాయి. ఆరున్నరేళ్ళప్పుడు తెలివి పరీక్షల్లో ఆ పిల్లలు ముందున్నారు. 16 ఏళ్ళు వచ్చేసరికి ఆ తేడా చాలా చిన్నదయిపోయింది. తల్లిపాలకు కారణాలు చాలా ఉన్నాయి. ర్యాంకు వస్తుందని చెప్పి తల్లిని భయపెట్టనక్కర్లేదు.

ఇక అదనపు ఆహారం సంగతి. నన్ను బాగా ఆలోచింపజేసిన అధ్యయనం జమైకాలోనిది. 1980ల చివర కింగ్‌స్టన్‌లోని పేదవాడల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పిల్లలను తీసుకున్నారు. కొందరికి రెండేళ్ళపాటు వారానికి ఒక కిలో పాలపొడి ఇచ్చారు. కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట వెళ్ళి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లికి చూపించారు. కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. రెండేళ్ళ తర్వాత పాలు తాగినవాళ్ళూ, ఆడుకున్నవాళ్ళూ ఇద్దరూ మెరుగయ్యారు. రెండూ దొరికినవాళ్ళు అందరికంటే మెరుగయ్యారు. కానీ 22 ఏళ్ళ వయసులో చూస్తే, పాలపొడి ప్రభావం మిగల్లేదు. ఆడించిన పిల్లల సంపాదన మాత్రం 25 శాతం ఎక్కువగా ఉంది.

అలాగని ఆహారం అక్కర్లేదని కాదు. గ్వాటెమాలాలో 1969 నుంచి 1977 వరకు రెండు పల్లెల్లో అందరికీ, గర్భిణులతో సహా, మాంసకృత్తులున్న జావ ఇచ్చారు. ఇంకో రెండు పల్లెల్లో ఉత్త తీపి పానీయం ఇచ్చారు. మూడేళ్ళలోపు జావ తాగిన మగపిల్లలు పెద్దయ్యాక గంటకు 46 శాతం ఎక్కువ సంపాదించారు. ఆడపిల్లలకు చదువు ఒక తరగతికి పైగా పెరిగింది. కానీ వాళ్ళ వేతనం పెరగలేదు. జావ బిడ్డ ఒంటిని పెంచగలదు గానీ ఆడదాని కూలిని పెంచలేదన్నమాట. దానికి వేరే పోరాటం కావాలి.

ఈ రెంటినీ కలిపి చూస్తే నాకు అర్థమైనది ఇది. ఆకలి ఉన్నచోట, వేళకు అందిన తిండి పిల్లల జీవితాన్ని మారుస్తుంది. ఆకలి లేనిచోట అదనపు పొడి ఏమీ చేయదు. ఎక్కడైనా సరే, బిడ్డతో గడిపే పెద్దవాళ్ళ సమయానికి బదులుగా డబ్బాలో దొరికేదేమీ లేదు.

నిజంగా పనిచేసే అదనపు పోషకాలు కూడా ఉన్నాయి. అవి చవక. అయోడిన్ ఉప్పు పిల్లల మెదడును కాపాడుతుంది. ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మి.లీ. ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఇవ్వాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతానికి రక్తహీనత ఉంది. ఆరు నెలలకూ రెండేళ్ళకూ మధ్య పిల్లల్లో చాలినంత తిండి అందుతున్నది 11 శాతానికే. పెసరపప్పు, బియ్యం వేయించి విసిరిన ఉగ్గు, రాగి జావ, గుడ్డు, ఆకుకూర, అరటిపండు అందవలసిన వయసు అది. ఆ ఖాళీలోకే ఖరీదైన డబ్బా వస్తోంది. పిల్లల ఆహారంగా మన దేశంలో అమ్మే సెరెలాక్‌లో పూటకు సగటున 3 గ్రాముల దాకా చక్కెర కలుపుతున్నారని, స్విట్జర్లాండ్‌లో అదే కంపెనీ కలపడం లేదని 2024లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ బయటపెట్టింది. చక్కెర లేని రకాలు తెస్తున్నామని కంపెనీ అదే ఏడాది ప్రకటించింది. 2024 ఏప్రిల్‌లోనే బోర్న్‌విటా వంటి పానీయాలను 'హెల్త్ డ్రింకు' అన్న శీర్షిక కింద అమ్మవద్దని కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. అప్పటిదాకా ఎన్ని లక్షల మంది తల్లులు ఇంటి ఖర్చు తగ్గించుకుని ఆ చక్కెరను ఆరోగ్యమని కొన్నారో!

ఇప్పుడు మన సంఘాలు కూడా ఆలోచించవలసిన మాట. 'తల్లిపాలే శ్రేష్ఠం' అని గోడల మీద రాస్తాం. ఆ వాక్యంలో బాధ్యతంతా తల్లి మీదే ఉంది. అదే సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయి. పుట్టిన గంటలోపు రొమ్ముపాలు అందింది 37 శాతం మంది పిల్లలకే. కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లు. ఈ అంకెల్లో తల్లి తప్పు ఎక్కడుంది? కడుపు కోసి, మత్తులో ఉంచి, బిడ్డను వేరే గదిలో పెట్టి, ఆమెకే పాలు తక్కువనడం ఏం న్యాయం? మన ఇళ్ళలోనూ బాలింతకు పథ్యమని కారప్పొడి మెతుకులు పెట్టి, నీళ్ళు కూడా కొలిచి ఇచ్చి, ఆనక పాలు చాలవంటాం.

2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచారు. నాలాంటి ఉద్యోగులకు అది దక్కింది. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు, పొలం కూలీలకు, అడ్డా మీద నిలబడేవాళ్ళకు దక్కలేదు. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణులకూ బాలింతలకూ కనీసం 6,000 రూపాయలన్నది. 2017లో పథకం వచ్చేసరికి అది మొదటి కాన్పుకు 5,000 అయింది. ఆ డబ్బు నెలన్నర డబ్బా పాలకు సరిపోతుంది. ఆరు నెలలు బిడ్డను రొమ్ము దగ్గర పెట్టుకోవడానికి ఏ కూలి మనిషికీ సరిపోదు. 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే నిర్మాణ స్థలాల్లో పిల్లల గది ఉండాలని 1996 చట్టమే చెప్పింది. నేను తిరిగిన స్థలాల్లో ఒక్కచోటా దాన్ని చూడలేదు.

జమైకాలో పిల్లల జీవితాలను మార్చిన ఆ ఆరోగ్య కార్యకర్తల పని మన దగ్గర ఎవరు చేయాలి? అంగన్‌వాడీ అక్కలు. వాళ్ళు ఉద్యోగులు కారట, వాళ్ళది గౌరవ వేతనమట. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు 42 రోజులు సమ్మె చేస్తే ప్రభుత్వం వారిపై ఎస్మా ప్రయోగించింది. అంత అత్యవసరమైన పని అయితే, అంత అత్యవసరమైన జీతం కూడా ఇవ్వాలి కదా!

అందుకే నిర్వాహకుల ప్రశ్నకు నా జవాబు ఇలా చెబుతాను. డబ్బా పాలు అవసరమైన బిడ్డకు అవి అందాలి, ఆ తల్లికి నింద అందకూడదు. తెలివి కోసం, ఎత్తు కోసం ఒక్క రూపాయి కూడా డబ్బా మీద పెట్టకండి. ఆ రూపాయితో గుడ్డు కొనండి. కాన్పు గదిలో మీ చెల్లెలికో కోడలికో చీటీ రాస్తే, ఎందుకని అడగండి. పుట్టిన గంటలోపు బిడ్డను తల్లి పక్కన ఉంచమని పట్టుబట్టండి. బిడ్డను ఆడించే గంట తండ్రిది కూడా అని ఇంట్లో చెప్పండి. అన్నిటికంటే ముందు, ప్రతి పనిచేసే స్త్రీకీ ఆరు నెలల కూలి డబ్బుతో కూడిన సెలవు, పని దగ్గర పిల్లల గది మన సంఘాల డిమాండ్లుగా ఉండాలి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇప్పుడు అడగవలసింది అమ్మే. ఆమె పక్కన నిలబడి అడగవలసింది మనం. పాలమూరు నుంచి వచ్చిన ఆ తల్లి బిడ్డ ఇప్పుడు బడికి పోయే వయసులో ఉండాలి. ఆ బిడ్డను మోసిన అక్క బడికి తిరిగి వెళ్ళిందో లేదో నాకు తెలియదు. మనం ఈ డిమాండ్ల మీద పని మొదలుపెట్టేటప్పుడు ఆ ఇద్దరు పిల్లలనూ గుర్తు పెట్టుకుందాం.