పోర్టల్ వెనుక మనిషి ఎవరు?

(కొత్తగా చేరిన పీజీ, పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం క్యాంపస్‌లో విద్యార్థులకు ఉన్న సాంకేతిక సదుపాయాలు, సహాయ సేవలు. వైఫై, డిజిటల్ లైబ్రరీ, స్కాలర్‌షిప్ పోర్టల్, కౌన్సెలింగ్ కేంద్రం, ఈక్వల్ ఆపర్చునిటీ సెల్. ఈ జాబితా మీ ప్రాస్పెక్టస్‌లో రంగుల బొమ్మలతో సహా ఉంది. దాన్నే మళ్లీ చదివి మీ సాయంత్రం పాడుచేయను. వీటిలో ఏది ఎక్కడ ఆగుతుంది, ఆగినప్పుడు జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరు అన్నదే మాట్లాడతాను.

స్కాలర్‌షిప్‌తో మొదలుపెడదాం. మీలో చాలామంది చదువు దాని మీదే నడుస్తుంది.

మా తరం కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర వరుసలో నిలబడింది. గుమస్తా కుల ధ్రువీకరణ పత్రం చూసి, మొహం చూసి, నలుగురికీ వినపడేలా పేరు పిలిచేవాడు. పోర్టల్ వచ్చాక ఆ కిటికీ చాలావరకు పోయింది. టెక్నాలజీని తిట్టే ముందు ఈ మేలు ఒప్పుకోవాలి. అయితే ఆ గుమస్తాకు ఒక పేరుండేది, ఒక కుర్చీ ఉండేది, పైన ఒక అధికారి ఉండేవాడు. తెర మీద కనిపించే 'పెండింగ్' అనే మాటకు ఇవేవీ లేవు. కాలేజీని అడిగితే సంక్షేమ శాఖ అంటారు. సంక్షేమ శాఖను అడిగితే ట్రెజరీ అంటారు. ట్రెజరీ దాకా వెళ్లేంత బస్సు చార్జీ మన దగ్గర ఉండదు.

ఆగే చోట్లు చూడండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో చివరుంటుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంటుంది. మనకు ముగ్గురూ ఒకరే. యంత్రానికి ముగ్గురు వేర్వేరు మనుషులు. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు నాన్నది. ఆయన పనిలో ఉంటాడు, ఫోన్ ఇంట్లో ఉంటుంది, ఓటీపీ గడువు దాటిపోతుంది. ఇంకొకటి చాలామందికి ఎవరూ చెప్పరు: బ్యాంకులో ఆధార్ కాపీ ఇవ్వడం వేరు, ఎన్‌పీసీఐ దగ్గర ఆ ఖాతాకు ఆధార్ సీడింగ్ కావడం వేరు. ఆధార్ ఆధారంగా పంపే డబ్బు మీరు దరఖాస్తులో రాసిన ఖాతాకు కాకుండా, చివరగా సీడింగ్ అయిన ఖాతాకు వెళ్తుంది. ఇంటర్‌లో ఊళ్లో తెరిచి మరిచిపోయిన ఖాతాలో స్కాలర్‌షిప్ పడి ఉంటుంది. ఇక్కడ మెస్ బకాయిల నోటీసులో మీ పేరుంటుంది.

ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కేంద్రం 60 శాతం, రాష్ట్రాలు 40 శాతం భరించాలని, సొమ్ము నేరుగా విద్యార్థి ఖాతాకు చేరాలని 2020 డిసెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. నేరుగా రావడం మంచిదే. కానీ రాకపోయినా ఆ భారం కూడా నేరుగా విద్యార్థి నెత్తినే పడుతోంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఇవ్వకుండా కూర్చునే కాలేజీల సంగతి రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లకు నేను చెప్పాలా?

రోహిత్ వేముల 2016 జనవరి 17న రాసి వెళ్లిన ఉత్తరాన్ని మనం నక్షత్రాల కోసం, సైన్స్ రచయిత కావాలన్న కల కోసం చదువుతాం. అందులో ఒక లెక్క కూడా ఉంది: తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా 75 వేల రూపాయలు. ఆ డబ్బు ఇంటికి అందేలా చూడమని అడిగాడు. ఫెలోషిప్ ఆగడాన్ని ఆఫీసు భాషలో 'జాప్యం' అంటారు. అందులోంచే ఇంటికి పంపే పరిశోధకుడికి ఆ మాట సరిపోదు.

ఇక లైబ్రరీ. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని కేంద్రం 2024 నవంబర్‌లో ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 ఈ-జర్నల్స్. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో చదివే ఎవరికైనా ఇది హక్కుగా వచ్చింది. జిల్లా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే అమ్మాయికి, పెద్ద ఐఐటీలో చేసే అబ్బాయికి ఒకే జర్నల్ తెరుచుకోవడం చిన్న మార్పు కాదు. కానీ దాన్ని హాస్టల్ గది నుంచో ఊరి నుంచో తెరవాలంటే మామూలుగా సంస్థ ఇచ్చిన ఈమెయిల్, లాగిన్ కావాలి. చేరిన వారంలోనే అవి అడిగి తీసుకోండి. 'తర్వాత ఇస్తాం' అంటే, ఏ తేదీన ఇస్తారో కాగితం మీద అడగండి.

లాగిన్ వచ్చాక దేని మీద చదవాలి? 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం కంప్యూటర్ ఉన్న కుటుంబాలు పట్టణాల్లో 23.4 శాతం, పల్లెల్లో 4.4 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. ఆరంగుళాల ఫోన్ మీద థీసిస్ అధ్యాయం టైప్ చేసి చూడమనండి, ఈ వాదన చేసేవాళ్లను. సొంత ల్యాప్‌టాప్ లేని విద్యార్థికి కంప్యూటర్ ల్యాబే ల్యాప్‌టాప్. అది సాయంత్రం ఐదింటికి తాళం పడితే అతని చదువుకూ తాళం పడినట్టే.

బాబాసాహెబ్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించి, మరుసటి ఏడాది బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు. ఉద్యోగం చేసుకుంటూ చదవాల్సిన పేద విద్యార్థుల కోసం అక్కడ తరగతులు ఉదయం పూట పెట్టించారు. సహాయ సేవ అన్న మాట ఆ రోజుల్లో ఎవరూ వాడి ఉండరు. విద్యార్థి బతుకు ఎలా నడుస్తుందో చూసి, దాన్ని బట్టి కాలేజీ గంట కొట్టించడం కంటే పెద్ద సహాయ సేవ నాకు తెలియదు. మన ల్యాబ్ వేళలు ఎవరి బతుకును చూసి పెట్టారో మీరే ఆలోచించండి.

పరిశోధక విద్యార్థులకు ఇంకో మాట. థీసిస్ సమర్పించే ముందు సాఫ్ట్‌వేర్‌తో సామ్యం లెక్కగడతారు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం వరకు జరిమానా లేదు, ఆ పైన మెట్లు మెట్లుగా చర్యలుంటాయి. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు తప్పు పోతుందేమోనన్న భయంతో పుస్తకంలోని ఇంగ్లిష్ వాక్యాన్నే పట్టుకుని నడుస్తారు. దొంగతనం ఉద్దేశం లేకపోయినా యంత్రం ఎర్ర రంగు పూస్తుంది. తర్వాత క్యాంపస్ గేటు బయట డబ్బు తీసుకుని శాతం తగ్గించేవాళ్లు తయారవుతారు. ఇక్కడ కావాల్సింది రాత నేర్పే మనిషి. సాఫ్ట్‌వేర్ కొనడానికి బడ్జెట్ దొరికే చోట ఒక రైటింగ్ సెంటర్‌కు ఎందుకు దొరకదు? ఇది విద్యార్థులతో పాటు ఇక్కడున్న అధ్యాపక మిత్రులు కూడా అకడమిక్ కౌన్సిల్‌లో అడగాల్సిన ప్రశ్న.

కౌన్సెలింగ్ గురించి. విశాఖపట్నంలో ఒక కోచింగ్ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. అణగారిన నేపథ్యాల విద్యార్థులతో వివక్ష లేకుండా మెలగడానికి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. ఆ రెండో మాట దగ్గర ఆగండి. 'గైడ్ నన్ను ల్యాబ్‌లోకి రానివ్వడం లేదు' అని చెప్పుకునే విద్యార్థికి శ్వాస వ్యాయామం నేర్పి పంపితే, వివక్ష అక్కడే ఉంటుంది, జబ్బు మాత్రం విద్యార్థిదవుతుంది. అలాగని కౌన్సెలర్ దగ్గరకు వెళ్లొద్దని నేననను. వెళ్లండి. రాత్రిపూట మనసు మరీ బరువెక్కితే 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్, ఉచితం. వివక్షపై ఫిర్యాదు మాత్రం వేరే బల్ల మీద పెట్టాలి.

ఆ బల్ల పేరు ఈక్వల్ ఆపర్చునిటీ సెల్. యూజీసీ 2012 నిబంధనలు ప్రతి ఉన్నత విద్యాసంస్థా ఈ సెల్ పెట్టాలని, వివక్ష నిరోధక అధికారిని నియమించాలని చెప్పాయి. చాలా చోట్ల వెబ్‌సైట్‌లో ఆ పేజీ ఉంటుంది. అందులోని ప్రొఫెసర్ రిటైరై మూడేళ్లయి ఉంటుంది. అందుకని ఈ వారం ఒక పని చేయండి. మన సంస్థలో ఆ అధికారి ఎవరు, గది ఎక్కడ, ఏ వేళల్లో ఉంటారు, గత ఏడాది ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేల్చారు అని రిజిస్ట్రార్‌కు రాసివ్వండి. రసీదు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అవే ప్రశ్నలు మళ్లీ వేయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక్కరి పేరుతో వేయడానికి భయమైతే సంఘంలోని సీనియర్లు తమ పేర్లతో వేస్తారు.

చివరగా, బయట బల్ల దగ్గర మన సీనియర్లు రెండు ల్యాప్‌టాప్‌లతో కూర్చున్నారు. యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో మీ ఆధార్ ఏ బ్యాంకుకు సీడింగ్ అయి ఉందో చూపిస్తారు. నాన్నగారి నంబరుకు ఓటీపీ వెళ్లేవాళ్లు ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి, ఫోన్ దగ్గర పెట్టుకోమని చెప్పండి. వరుస పెద్దగానే ఉంది, దూరం నుంచి వచ్చినవాళ్లను ముందు పోనివ్వండి.

జై భీమ్.